జంట టికెట్టు

ఆ ఏడు వసంతంలో మా తోడల్లుడు ఇంట్లో రెండు తీర్పులు చెప్పాడు. బళ్ళో వేసే మ్యూజికల్‌లో అమ్మాయి నటించొచ్చు. ప్రామ్‌కి వెళ్ళడానికి మాత్రం వీల్లేదు.

రెండింట్లోనూ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే కదా చిందులేసేది, ఒకటి పనికొచ్చి ఇంకొకటి పనికిరాకపోవడమేమిటని అడిగాను. "మ్యూజికల్ అయితే కాలేజీ అప్లికేషన్లో రాసుకోవచ్చు అన్నయ్యగారూ. ప్రామ్ ఎక్కడ రాసుకుంటాం?" అన్నాడు.

న్యూజెర్సీలో స్థిరపడి చాలా ఏళ్ళయింది ఆయన. ఎడిసన్‌కి దగ్గర్లోనే ఇల్లు. ఒక్కతే కూతురు, పదకొండో తరగతి. నేనూ మా ఆవిడా చలికాలం చివర్లో వెళ్ళి వాళ్ళింట్లో దిగాం. తెనాలిలో తెలుగు మేష్టారుగా రిటైరైనవాణ్ణి, పరిషత్తు నాటకాల వెంట తిరిగి సగం జీతం పోగొట్టుకున్నవాణ్ణి. పిల్ల నాటకం వేస్తోందంటే నయాగరా చూడ్డం కూడా వాయిదా వేసుకున్నాను.

ప్రామ్ సంగతి మనలో కొందరికి తెలియకపోవచ్చు. హైస్కూలు పై తరగతుల పిల్లలకి బడి ఏడాది ముగిసేముందు జరిగే విందూ డాన్సూ కలిసిన రాత్రి అది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి కాలేజీల్లో మొదలై తరవాత హైస్కూళ్ళకి పాకింది. కుర్రాళ్ళు టక్సీడో సూట్లు అద్దెకి తెచ్చుకుంటారు. అమ్మాయిలు నేలకి జీరాడే గౌన్లు వేసుకుంటారు. అబ్బాయి వచ్చి అమ్మాయి ముంజేతికి కోర్సాజ్ అనే పూలగుత్తి కడతాడు, ఆ పిల్ల అతని కోటుకి ఒక పువ్వు గుచ్చుతుంది, ఇంటి మెట్ల మీద అమ్మానాన్నలు ఫొటోలు తీస్తారు. "నాతో ప్రామ్‌కి వస్తావా" అని అట్టమీద రాసి పదిమంది ముందూ అడగడానికి ప్రామ్‌పోజల్ అని ఒక పేరు కూడా ఉంది. మా తోడల్లుడి దృష్టిలో ఇదంతా రికార్డింగ్ డాన్సుకి సూటు తొడిగినట్టు.

నేను ఊహించని సంగతి ఇంకొకటుంది. అంత హడావిడికీ బడి గల్లాపెట్టె తెరవదు. పిల్లలే కమిటీ వేసుకుంటారు. కార్లు కడిగి, డోనట్లు అమ్మి డబ్బు పోగు చేస్తారు. హాలు మాట్లాడుకుంటారు, అడ్వాన్సు కడతారు, డీజేతో బేరమాడతారు. ఆ కమిటీకి ట్రెజరర్ ఎవరయ్యా అంటే మా అమ్మాయే. లీడర్‌షిప్ కింద దాన్ని అప్లికేషన్లో రాసుకోవచ్చని వాళ్ళ నాన్న అందుకు ఒప్పుకున్నాడు. తను కాలు పెట్టకూడని విందుకి తనే లెక్కలు రాస్తోందన్నమాట.

ఒకరోజు వంటింటి బల్ల దగ్గర కూచుని టికెట్ల ధరలు నిర్ణయిస్తోంది. ఒంటి టికెట్టు ఒక ధర. జంటగా తీసుకుంటే రెండు ఒంటి టికెట్ల కన్నా కాస్త తక్కువ. "ఇలా పెడితే జంటలు ముందే కొనేస్తాయి పెదనాన్నా, హాలువాళ్ళకి కట్టాల్సింది చేతికొస్తుంది" అంది. కొన్న టికెట్టు వాపసు తీసుకోబడదని కింద ఎర్ర అక్షరాల్లో తనే రాసింది. వాళ్ళ నాన్న ముక్కు, వాళ్ళ నాన్న లెక్క.

ఇక మ్యూజికల్. ఆ ఏడు వాళ్ళు వేసింది 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్'. 1964లో బ్రాడ్వేలో మొదలై 3,242 ప్రదర్శనలు నడిచిన నాటకం. హైస్కూలు పిల్లలు వేసుకోవాలన్నా న్యూయార్కులో ఉన్న మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ అనే సంస్థకి రుసుము కట్టి అనుమతి తెచ్చుకోవాలి. అడక్కుండా ఒక్క మాట మార్చకూడదట. మా పరిషత్తుల్లో రచయిత రాసిన మాట ఉన్నదున్నట్టు చెప్పిన నటుణ్ణి నేనింతవరకూ చూడలేదు, అందుకని ఈ నియమం నాకు భలే నచ్చింది.

కథ మనకి చాలా దగ్గర. 1905లో జారు చక్రవర్తి ఏలుబడిలోని రష్యాలో అనటెవ్కా అనే పల్లె. టెవియా అని ఒక యూదు పాలవాడు. అయిదుగురు ఆడపిల్లలు. సంబంధాలు తెచ్చే యెంటె అనే ముసలమ్మ ఉంటుంది, అచ్చంగా మన పెళ్ళిళ్ళ పేరయ్యకి అక్క. పెద్దపిల్ల డబ్బున్న కసాయి సంబంధం కాదని బీద దర్జీని చేసుకుంటానంటుంది. తండ్రి గొణిగి ఒప్పుకుంటాడు. రెండోది విప్లవం మాట్లాడే కుర్రాడి వెంట నడుస్తానంటుంది. తల పట్టుకుని దానికీ ఒప్పుకుంటాడు. మూడోపిల్ల హావా. తమ మతం కాని ఫ్యెద్కాని పెళ్ళి చేసుకుంటుంది. అక్కడితో తండ్రి మెట్టు దిగడం ఆగిపోతుంది. ఆ పిల్ల తనకి చచ్చిపోయినట్టే లెక్కంటాడు. ఎదురుగా నిలబడి బతిమాలుతున్నా తల తిప్పుకుంటాడు. 1967లో టోక్యోలో ఈ నాటకం ఆడినప్పుడు, ఇది అచ్చం జపాను కథ కదా, అమెరికావాళ్ళకి ఎలా అర్థమైందని అక్కడి నిర్మాత అడిగాడని నాటకకర్త జోసెఫ్ స్టైన్ చెప్పుకునేవాడు. తెనాలిలో ఆడినా ఎవరో ఒకరు అదే అడుగుతారు.

మా అమ్మాయికి ఆ హావా వేషమే వచ్చింది.

రిహార్సల్సు బడి వదిలాక. రంగస్థలం మీద పల్లె ఇళ్ళు కట్టింది పిల్లలే, దీపాలు పిల్లలవే, వేదిక ముందు గోతిలాంటి చోట కూచుని వయొలిన్లూ క్లారినెట్లూ వాయించిందీ పిల్లలే. తల్లులు లంగాలూ తలగుడ్డలూ కుట్టారు. ప్రదర్శనకి ముందు వారాన్ని టెక్ వీక్ అంటారు, రాత్రి దాకా ఎవరూ ఇల్లు చేరరు. మా మరదలు ఆ వారం రెండుసార్లు పులిహోర కలిపి పంపితే, నల్లబట్టలు వేసుకుని తెరవెనక బరువులు మోసే పిల్లలు గిన్నె అడుగు దాకా ఊడ్చేశారు.

ఒక రాత్రి మా అమ్మాయి నా గదికొచ్చింది. "తండ్రి నావైపు చూడకుండా తిరిగిపోతాడు పెదనాన్నా. అప్పుడు నేను చేతులేం చెయ్యాలి?" అని అడిగింది. ఏమీ చెయ్యొద్దన్నాను. చేతులు ఊపితే జనం చేతుల్ని చూస్తారు, ఊరికే నిలబడితే తండ్రిని చూస్తారు. రెండుసార్లు నిలబడి చూపించింది. పిల్లకి అందింది.

భోజనాల దగ్గర ఆ రోజుల్లో ఇవే కబుర్లు. సినిమాగా తీసినప్పటి సంగతి నేనొకటి చెప్పాను. 1971లో ఆ సినిమాకి దర్శకుడు నార్మన్ జూయిసన్. ఇంటిపేరు అలా ఉంది కదా, యూదుడే అయ్యుంటాడని స్టూడియో పెద్దలు పిలిచి పని అప్పగించబోయారు. తీరా చూస్తే ఆయన టొరాంటోలో పుట్టిన ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. ఆయనే చెప్పాడు వాళ్ళకి, నేను మీరనుకునేవాణ్ణి కాదని. అయినా ఆయన చేతే తీయించారు. మా తోడల్లుడు పొలమారేదాకా నవ్వాడు. "ఇంటిపేరు చూసి మనిషిని లెక్కగడితే అంతే మరి!" అన్నాడు.

అమ్మాయి ప్రామ్ గురించి ఒకటి చెప్పింది. మిస్సిసిపీ రాష్ట్రంలో చార్ల్‌స్టన్ అనే చిన్న ఊరు. అక్కడి బళ్ళో 1970 నుంచీ నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే గదిలో చదువుకుంటున్నారు. ప్రామ్‌లు మాత్రం వేరు వేరు. నటుడు మోర్గన్ ఫ్రీమన్‌కి ఆ ఊరితో సంబంధం ఉంది. అందరికీ కలిపి ఒకే ప్రామ్ పెట్టండి, ఖర్చు నేను భరిస్తానని 1997లో అన్నాడు. ఎవరూ పలకలేదు. 2008లో మళ్ళీ అడిగితే బడివాళ్ళు ఒప్పుకున్నారు, పిల్లలు కలిసి గంతులేశారు. అప్పుడు కూడా కొందరు తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లలకి విడిగా ఇంకొకటి పెట్టుకున్నారు. దాని మీద డాక్యుమెంటరీ సినిమా ఉంది, అమ్మాయికి బళ్ళో చూపించారట.

"చదువుకున్న దేశం! 2008లో!" అని మా తోడల్లుడు కంచం పక్కకి జరిపాడు. "పిల్లలకి లేని రోగం పెద్దవాళ్ళకెందుకండీ?"

అమ్మాయి తలొంచుకుని మజ్జిగ కలుపుకుంది. ప్రామ్ మాట వచ్చింది కదా, తన సంగతి ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. పెళ్ళి ఘట్టం ఒకటుంది అందులో. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తాడు కట్టి ఉంటుంది. ఆ విప్లవం కుర్రాడు తాడు దాటొచ్చి టెవియా రెండోకూతుర్ని డాన్సుకి పిలుస్తాడు. ముందు అందరూ నోళ్ళు నొక్కుకుంటారు, కాసేపటికి టెవియా కూడా పెళ్ళాం చెయ్యి పట్టుకుని తిరుగుతాడు. ఆ చోట చప్పట్లు మొదలుపెట్టింది మా తోడల్లుడే. ఫ్యెద్కా వేషం వేసిన కుర్రాడు పొడుగ్గా ఉన్నాడు, మంచి గొంతు. విరామంలో మరదలు చెప్పింది, వాళ్ళూ తెలుగువాళ్ళేనని.

రెండో భాగంలో హావా తండ్రిని బతిమాలే ఘట్టం వచ్చింది. మా అమ్మాయి చేతులు వేలాడేసి నిలబడింది, అంతే. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. పక్కకి చూస్తే మా తోడల్లుడు కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటున్నాడు. "ఏం తండ్రండీ వీడు, రాతిగుండె" అని నా చెవిలో అన్నాడు. "కన్నకూతురు కదండీ!"

తెర పడ్డాక బయట వరండాలో పూలగుత్తులూ ఫొటోలూ. టెవియా వేసిన కుర్రాడు, పదిహేడేళ్ళుంటాయేమో, గడ్డం సగం ఊడి ఎదురొచ్చాడు. మా తోడల్లుడు వాడి చెయ్యి పట్టుకుని ఊపి, ఆ పిల్లని అలా వదిలేయడం తప్పని ఇంగ్లీషులో నచ్చజెప్పాడు. వాడు క్షమాపణ చెప్పాడు. తరవాత కూతుర్ని దగ్గరికి తీసుకుని, నలుగురు తెలుగువాళ్ళూ ఇద్దరు టీచర్లూ వింటుండగా ప్రకటించాడు: "ప్రామ్‌కి వెళ్ళమ్మా నువ్వు. నేనేం టెవియాని కాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫ్యెద్కా కూడా కొట్టాడు.

నాలుగు రోజులకి ఆ కుర్రాడే, నాటకంలో వాడిన పాలడబ్బాకి ఒక అట్ట అంటించి, బడి ముందు మా అమ్మాయిని అడిగాడు. సరేనంది. వాళ్ళిద్దరి మధ్యా స్నేహమో, అంతకన్నా ఏమైనా ఉందో నేనడగలేదు, పదహారేళ్ళ పిల్లల్ని అడగకూడదు కూడా. మా మరదలు ఓక్ ట్రీ రోడ్డులో దుకాణాలన్నీ గాలించి, గౌనుకి కుట్టించడానికి కంచి అంచు కొనుక్కొచ్చింది. ఆ వారమే టికెట్ల అమ్మకం మొదలైంది. ఇంట్లో నాలుగు రోజులు అందరి మొహాలూ కళకళలాడాయి.

అయిదో రోజు రాత్రి పిల్ల పడుకున్నాక మా తోడల్లుడు నాటకం ప్రోగ్రాం కాగితం తీసుకుని నా గదికొచ్చాడు. ఫ్యెద్కా పేరు కింద పెన్సిలు గీత ఉంది.

"ఈ ఇంటిపేరు మీరెక్కడైనా విన్నారా అన్నయ్యగారూ?"

విన్నాను. మా తెనాలి చుట్టుపక్కల మూడు కులాల్లో ఉందా ఇంటిపేరు. మన ఇంటిపేర్లతో వచ్చిన చిక్కే అది, సగం ఊళ్ళ పేర్లు, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చినా అదే తగిలించుకుంటారు. ఒట్టి ఇంటిపేరుతో పని జరగదని ఆయనకీ తెలుసు. అప్పటికే మిగతా దారులు వెతికాడు: వాళ్ళు ఏ సంఘం వనభోజనాలకి వెళ్తారు, మాంసం తింటారా, తాతగారు ఏం చేసేవారు. ఏదీ తేలలేదు. "వాళ్ళ ఊరు మీ తెనాలి పక్కనేనట. మీకు తెలిసినవాళ్ళున్నారు కదా. ఏం లేదు, ఊరికే, తెలుసుకుని ఉంటే మంచిదని."

మనకి రాత్రయితే తెనాలిలో పొద్దున. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే మిత్రుడొకడున్నాడు నాకు. చుట్టూ పల్లెల్లో ఎవరి పొలం గట్టు ఎవరి పొలానికి తగులుతుందో, ఏ ఇంటివాళ్ళు ఎవరో వాడికి నోటికొచ్చు. ఫోన్ చేసి ఇంటిపేరూ ఊరూ చెప్పాను. టక్కున చెప్పేశాడు. మా తోడల్లుడివాళ్ళు కారు. ఆపైన పకపకా నవ్వాడు. "ఏమిటయ్యా మీ అమెరికావాళ్ళకి నాతో పని? నిన్నే ఎవరో అక్కణ్ణుంచే, మనిషిని పెట్టి మీ తోడల్లుడి ఇంటిపేరు కనుక్కున్నారు. మీవాళ్ళు ఎవరో వాళ్ళకీ చెప్పాను."

మొదటి ముక్క మా తోడల్లుడికి చెప్పాను. రెండోది చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం ఫోన్లో తెలుగులో ఒక మెసేజి టైపు చేసి నా దగ్గరికి తెచ్చాడు. "మీరు తెలుగు మేష్టారు కదా, కాస్త దిద్దండి. మర్యాదగా ఉండాలి." చదివాను. పిల్లలకి ఎస్ఏటీ పరీక్ష దగ్గరపడుతోందనీ, ఈ వయసులో దృష్టి చదువు మీద ఉండాలనీ, ప్రామ్‌కి ఎవరి స్నేహితులతో వాళ్ళు విడిగా వెళితే బావుంటుందని తమ ఉద్దేశమనీ, మరోలా భావించవద్దనీ రాశాడు. మర్యాదకేమీ లోటు లేదు. 'ఉద్దేశం'లో ద కింద ద ఒత్తు బదులు ధ ఒత్తు పడింది. అది సరిచేసి, రెండు చోట్ల 'గారు' చేర్చి, ఫోన్ తిరిగి ఇవ్వబోతుంటే అది నా చేతిలోనే టింగుమంది. కుర్రాడి తండ్రి దగ్గర్నుంచి.

ఆయన నిలబడే చదివాడు. మొహం ఎర్రబడింది. ఫోన్ నా ముందు పెట్టాడు. పిల్లలకి ఎస్ఏటీ దగ్గరపడుతోందట. దృష్టి చదువు మీద ఉండాలట. ఎవరి స్నేహితులతో వాళ్ళు విడిగా వెళితే బావుంటుందట. మరోలా భావించవద్దట. రెండు మెసేజులూ నేను పక్కపక్కనే చూశాను కాబట్టి చెబుతున్నాను, వాళ్ళ దాంట్లో అక్షరదోషాలు లేవు.

"కులం చూసుకున్నారండీ!" అని అరిచాడు మా తోడల్లుడు. మరదలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఎస్ఏటీ లేదు, గాడిదగుడ్డూ లేదు. కులం! ఇంతదూరమొచ్చి, పచ్చకార్డులు తీసుకుని, ఇంకా అదే బుద్ధి! ఆ మిస్సిసిపీ వాళ్ళకీ వీళ్ళకీ తేడా ఏముందండీ? మీరే చెప్పండి అన్నయ్యగారూ!"

నేను చెప్పడానికేముంది? ఫోన్ ఆయనకిచ్చేశాను.

"వాడు రాకపోతే మా అమ్మాయికి ప్రామే లేదా? వెళ్తుంది. తలెత్తుకుని వెళ్తుంది. నేనే కార్లో దింపుతాను" అన్నాడు. ఆ దిద్దిన మెసేజి ఏం చేశాడో నాకు తెలీదు, పంపలేదని మాత్రం తెలుసు. పంపే అవసరం లేకపోయింది కదా.

పిల్ల పైన తన గదిలో లాప్‌టాప్ ముందు కూచుని ప్రామ్ లెక్కలు చూసుకుంటోంది. అరుపులు వినపడకుండా ఎలా ఉంటాయి? ఏడుస్తోందేమోనని వెళ్ళాను. ఏడవడం లేదు. ఏం ఓదార్చాలో తోచక, "జంట టికెట్టు డబ్బు దండగైనట్టేనా అమ్మా? వాపసు లేదని నువ్వే రాశావు కదా" అన్నాను.

లాప్‌టాప్ నావైపు తిప్పింది. అమ్మకాల జాబితాలో మొదటి రోజు, మొదటి రెండు వరసలు. ఒకటి తన పేరు, ఒకటి ఆ కుర్రాడి పేరు. రెండూ ఒంటి టికెట్లే.

"జంట టికెట్టు చౌక కదమ్మా, ధర పెట్టిందీ నువ్వే. విడివిడిగా కొన్నారేం?"

"చౌకే పెదనాన్నా. కానీ వాళ్ళ నాన్న కూడా తెలుగాయనే కదా" అంది.